డీటాక్స్ ఒకరిది, వంట అందరిదీ

డీటాక్స్ పేరుతో నడిచే ఆహార నియమాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో మూడు రోజులో వారం రోజులో పండ్ల రసాలు, ఆకు రసాలు, తేనె కలిపిన నిమ్మనీళ్లతో గడిపేస్తారు. రెండో రకంలో మూడు నాలుగు వారాలపాటు పంచదార, మైదా, వేపుళ్లు, బేకరీ సరుకు, ప్యాకెట్ చిరుతిళ్లు, కూల్‌డ్రింకులు, మద్యం మానేసి, ధాన్యం, పప్పు, కూరగాయ, పండు వీలైనంతవరకు ఉన్నవి ఉన్నట్టుగా వండుకు తింటారు. మొదటిది ఒంటరి వ్యవహారం. ఒకరు గ్లాసు పట్టుకుని కూర్చున్నా మిగతావాళ్లకు పొయ్యి వెలగక తప్పదు. రెండోది ఇంటిల్లిపాదీ పంచుకోగలిగేది. శాస్త్రం మద్దతు కూడా దానికే ఎక్కువ.

శరీరంలో పుట్టే వ్యర్థాలను బయటికి పంపే పని ఏ రోజూ ఆగదు. మాంసకృత్తులు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదిలి, మిగతాదంతా తిరిగి రక్తంలో కలుపుతాయి. వీటి బదులు ఈ పని చేసిపెట్టే రసం, కషాయం ఏదీ లేదు. ఆహారం చేయగలిగిందల్లా వాటిమీద అనవసర భారం వేయకపోవడం, కావలసిన సాయం అందించడం. ఆ సాయంలో పెద్ద వాటా పీచుది. నీటిలో కరిగే పీచు పేగులో పైత్యరస లవణాలను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. రసం పిండి పిప్పి పారేస్తే పోయేది సరిగ్గా ఈ పీచే. ఆ లెక్కన ఖరీదైన రసం సీసాకన్నా చవకైన తోటకూర కట్ట నయం.

తెలుగు ఇళ్లకు ఈ క్రమశిక్షణ కొత్తదేమీ కాదు. జ్వరం నుంచి లేచినవాళ్లకు మిరియాల చారు, పెసరకట్టు, బీరకాయ, పొట్లకాయ పెట్టి, ఆవకాయ, వంకాయ, గోంగూర కొన్నాళ్లు దూరంగా ఉంచే పథ్యం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. వమనం, విరేచనం వంటి శోధన చికిత్సల తర్వాత ఏం తినాలో ఆయుర్వేదం ఒక వరస చెప్పింది. ముందు పల్చటి గంజి, తర్వాత చిక్కటి గంజి, ఆ తర్వాత ఉప్పూ తాలింపూ లేని పప్పుకట్టు, పిమ్మట తాలింపు వేసిన కట్టు. దీన్నే సంసర్జన క్రమం అంటారు. ఇక కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి, మాంసం మానే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. అయితే సోమవారం రాత్రి విస్తట్లోకి గారెలు, పులిహోర, పరవాన్నం వరసగా దిగితే పగటి ఉపవాసం భక్తి ఖాతాలోకే తప్ప ఆరోగ్యం ఖాతాలోకి రాదు.

నలుగురికి ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఈ వంటకు మంచి కొలబద్ద. రోజుకు 2000 కేలరీల భోజనంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, చేపలు, మాంసం 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. ఉప్పు 5 గ్రాములు దాటకూడదు.

నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి ఈ అంకెలను అన్వయిస్తే అసలు కథ తెలుస్తుంది. నెలకు నూనె మూడున్నర లీటర్లు, ఉప్పు 600 గ్రాములు. ఇందులోనే పచ్చళ్లు, అప్పడాలు, బయట తిన్న తిండి లెక్క కూడా. కూరగాయలేమో రోజుకు కిలో ఆరువందల గ్రాములు. అరకిలో దొండకాయలు వేయించి నలుగురికీ పూట గడిపే వంటగదికి ఈ చివరి అంకె మింగుడుపడదు. పప్పులో ఆకుకూర, పులుసులో నాలుగు రకాల ముక్కలు, పక్కన ఒక కూర, ఒక రోటి పచ్చడి ఉంటే తప్ప అంత కూరగాయ కంచంలోకి చేరదు. అంటే డీటాక్స్ కోసం కొత్త వంటకాలు వెతకనక్కరలేదు. కుదించుకుపోయిన తెలుగు భోజనాన్ని మళ్లీ పూర్తిగా వడ్డిస్తే చాలు.

ధాన్యం

జాతీయ పోషకాహార సంస్థ మొదలైందే ధాన్యం వల్ల వచ్చిన ఒక రోగంతో. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో, రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి పరిశోధన విభాగంగా అది పుట్టింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికేవాళ్లకు వచ్చే జబ్బు బెరిబెరి. తవుడుతోపాటు థయమిన్ అనే విటమిన్ పోవడమే దానికి కారణం. పీచు పోయేదీ ఆ తవుడుతోనే.

దంపుడు బియ్యం, ఒంటిపట్టు బియ్యం వండుకోవడం ఒక దారి. సిరిధాన్యాలు రెండో దారి. కొర్రలు, సామలు, అండుకొర్రలు నాలుగైదు గంటలు నానితే గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లతో మెత్తగా ఉడుకుతాయి. నానబెట్టడం వెనక ఉడకడానికి మించిన కారణం ఉంది. గింజల్లోని ఫైటిక్ ఆమ్లం ఇనుము, జింక్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా అది తగ్గుతుంది. రాత్రి కలిపిపెట్టిన రాగి అంబలి తెల్లారేసరికి పుల్లబడటంలో ఉన్న మేలు ఇదే. రాగుల్లో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మరే ధాన్యంలోనూ అంత లేదు.

రాయలసీమ సంగటిలో బియ్యపు నూక బదులు కొర్ర నూక వేసినా ముద్ద కడుతుంది. తెలంగాణ జొన్నరొట్టెకు మార్పేమీ అక్కరలేదు, నూనె చుక్క తగలకుండానే పెనం మీద పొంగుతుంది. పిల్లలు కొర్రన్నం వద్దంటే మొదటి వారం సగం బియ్యం, సగం కొర్రలు కలిపి వండటం మేలు. ఒక్కరోజులో అన్నం మార్చేసిన ఇంట్లో రెండోరోజే తిరుగుబాటు వస్తుంది. సిరిధాన్యాలకు ఈమధ్య అంటగట్టిన మహిమల్లో చాలావరకు అతిశయోక్తే. అవీ పిండిపదార్థమే, గిన్నెడు తింటే గిన్నెడు కేలరీలే. మిల్లులో మెరిసేలా పాలిష్ పట్టిన సామలు కొంటే ఆ ఉన్న పీచూ దక్కదు.

తాలింపుకు ముందే పంపకం

ఇంట్లో ఒకరు నియమంలో ఉంటే వంట చేసేవాళ్ల మీద రెట్టింపు పని పడుతుంది. నియమాలు సగంలో ఆగిపోవడానికి ఆకలికన్నా ఇదే పెద్ద కారణం. పరిష్కారం తెలుగు వంట పద్ధతిలోనే ఉంది. ఇక్కడ పప్పు, పులుసు, చారు ముందు ఉడుకుతాయి. ఉప్పు, కారం, నూనెలో ఎక్కువ భాగం ఆఖరున, తాలింపు దగ్గర పడుతుంది. కాబట్టి ఆ తాలింపుకు ముందే గిన్నెలు వేరుచేస్తే ఒక్క వంటే నాలుగు రకాల అవసరాలకు సరిపోతుంది.

తోటకూర పప్పు తీసుకుంటే, కందిపప్పు, దానికి రెండింతలు తరిగిన తోటకూర, పచ్చిమిర్చి, పసుపు కలిపి ఉడికించి, ఉప్పు వేయకుండా మెదపాలి. పసివాళ్ల వాటాను అప్పుడే తీసి కాస్త నెయ్యి కలపాలి. రక్తపోటు ఉన్న పెద్దవాళ్లకూ నియమంలో ఉన్నవాళ్లకూ మరో గిన్నెలోకి తీసి, అర చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు పెట్టి, కొద్దిపాటి ఉప్పు వేసి, దించాక నిమ్మరసం పిండాలి. పులుపు తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నాలుకకు అంతగా తెలియదు. పైగా నిమ్మలోని విటమిన్ సి ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మిగిలిన పప్పుకు ఎండుమిర్చి, ఇంగువతో ఎప్పటి తాలింపే. ఆవకాయ కావలసినవాళ్లు వేసుకుంటారు.

దప్పళం ఇంకా అనువైనది. గుమ్మడి, ఆనప, మునక్కాడ, బెండ, చిలగడదుంప ముక్కలు పెద్దవిగా తరిగి ఉడికించి, పల్చటి చింతపండు పులుసు పోస్తే చాలు. మామూలుగా వేసే బెల్లం అక్కరలేదు, ఆ తీపి గుమ్మడి, చిలగడదుంప ఇస్తాయి. చిక్కదనానికి బియ్యప్పిండి బదులు రెండు గరిటెల పప్పుకట్టు పోయాలి. ఒక్క గిన్నెలో ఐదు రకాల కూరగాయలు, నలుగురికీ కలిపి రెండు చెంచాల నూనె. ఇంతకు మించి ఆరోగ్యకరమైన సూప్‌ను ఏ హోటలూ అమ్మదు.

మాంసాహారుల ఇళ్లలో చేపల పులుసుకూ ఇదే సూత్రం. ముక్క వేయించకుండా నేరుగా పులుసులో వేస్తే నూనె తగ్గించినా రుచి తగ్గదు. ఉల్లిపాయ, టమాటా, ధనియాలు, మెంతులే దాన్ని నిలబెడతాయి. కోడికూరను పెరుగు, గసగసాలతో కాకుండా మునగాకుతోనో గోంగూరతోనో వండితే మాంసం సగానికి తగ్గినా కంచం నిండుగానే ఉంటుంది.

నిజంగా ఇబ్బంది పెట్టేవి వేపుళ్లు. దొండకాయ, బెండకాయ, అరటికాయ నూనె తాగకుండా వేగవు. ముక్కలను ముందు ఆవిరి మీద ముప్పావు వంతు ఉడికించి, ఇనప మూకుడులో రెండు చెంచాల నూనెతో ఎర్రగా తిప్పి, నువ్వుల పొడో అవిసెగింజల కారమో చల్లితే వేపుడు కాకపోయినా వేపుడు లేని లోటు తీరుతుంది. అరటికాయ, పనసపొట్టు అయితే ఆవ పెడితే సరి, వాటికి నూనె అసలే పెద్దగా అక్కరలేదు. ఊరగాయల స్థానంలో రోటి పచ్చళ్లు రావాలి. బీరకాయ తొక్కు, దోసకాయ, కొత్తిమీర, చింతచిగురు, వీటికి నిల్వ కోసం వేసే ఉప్పూ నూనే అవసరం ఉండదు.

ఉదయానికి పొట్టు పెసలతో, బియ్యం కలపకుండా వేసిన పెసరట్టు, అల్లం పచ్చడి. లేదంటే జొన్న రవ్వ ఇడ్లీ. సాయంత్రం గుగ్గిళ్లు, ఉడికించిన వేరుశనగకాయలు, జామకాయ. వారంలో ఒకరోజు ఉలవలు రాత్రి నానబెట్టి, ఉడికించి, ఆ కట్టుతో చారు పెడితే మిగిలిన ఉలవలే మర్నాటి గుగ్గిళ్లవుతాయి. ధాన్యంలో కొరతగా ఉండే లైసిన్ పప్పుల్లో దండిగా ఉంటుంది. అందుకే అన్నమూ పప్పూ, సంగటీ ఉలవచారూ ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి.

తాగేవాటిలో పల్చటి మజ్జిగకు సాటి లేదు. తేనె, బెల్లం, తాటిబెల్లం పంచదారకన్నా మేలన్న నమ్మకం మీద గ్లాసులు ఖాళీ చేయడం వృథా. ఒంట్లో పడ్డాక అవీ చక్కెరే. టీ తాగేవాళ్లు భోజనానికి గంట ఎడంగా తాగడం మంచిది. అందులోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి.

ఎవరికి కుదరదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు పూటలు మానే నియమాల జోలికి వెళ్లకూడదు. పైన చెప్పిన వంటను కడుపునిండా తినడానికి వాళ్లకు అభ్యంతరం లేదు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు గురించి ముందే వైద్యుడితో మాట్లాడాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పప్పులు, ఆకుకూరలు, కొబ్బరినీళ్లు కూడా కొలతతోనే. ఉప్పుకు ప్రత్యామ్నాయంగా అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది కాబట్టి అది వాళ్లకు పనికిరాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలను హఠాత్తుగా పెంచకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. పచ్చి పాలకూర రసం గ్లాసులకొద్దీ తాగడం ఆరోగ్యవంతులకూ మంచిది కాదు. అందులోని ఆక్సలేట్లు మూత్రపిండాలను దెబ్బతీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

పీచు అలవాటు లేని కడుపు మొదటి వారం ఉబ్బరంతో నసపెడుతుంది. పప్పులు బాగా నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం, నీళ్లు ఎక్కువగా తాగడం, మొలకలను పచ్చిగా కాక ఆవిరి పట్టి తినడం దీనికి ఉపాయాలు.

నియమం ముగిశాక మానేసినవన్నీ ఒకే పూట తెచ్చుకోకూడదు. ముఖ్యంగా పాలు, గోధుమలు వంటివి పడటం లేదన్న అనుమానంతో మానేసినవాళ్లు ఒక్కో పదార్థాన్నే మళ్లీ మొదలుపెట్టి, రెండు మూడు రోజులు గమనించాకే ఇంకోదాని జోలికి వెళ్లాలి. చపాతీ, పాయసం ఒకేరోజు తిని కడుపు ఉబ్బితే తప్పు గోధుమదో పాలదో తేల్చడానికి మళ్లీ మొదటినుంచి రావాల్సిందే.