ముదిమియందు కాళ్లపై తేలు నరములు

మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి ప్రాంతములలో అరువదియేండ్లు దాటిన రైతు పంచె పైకి దోపుకొని అరుగుపై కూర్చుండినపుడు చూచినచో, చీలమండల చుట్టును, మోకాలి ప్రక్కను ఎఱ్ఱని, నీలపు సన్నగీతలు సాలెగూటివలె అల్లుకొనియుండుట తఱచుగా కాననగును. కొందఱికి పిక్కలపై వానపాములవలె మెలికలు తిరిగిన లావు నరములును లేచియుండును. “వయసు మీఱినది, ఇక నింతే” యని దానిని విడిచిపుచ్చుట మనవారి వాడుక. ఈ మాటలో సగము నిజము, సగము ప్రమాదము కలవు. ఆ రెంటిని వేఱుచేసి సభ్యులకు తెలుపుటకే మే మీ వ్యాసము వ్రాయుచున్నాము.

మనము వాడుకలో నరమనుచున్నది నిజమునకు సిర. అనగా రక్తమును గుండెకు మరల కొనిపోవు గొట్టము. గుండెనుండి మంచిరక్తము ధమనులగుండ, పంటకాలువ నీరు పొలమునకు వచ్చునట్లు, కాళ్లకు దిగివచ్చును. వాడిన రక్తము మురుగుకాలువ నీరువలె సిరలగుండ వెడలిపోవును. భేద మొక్కటియే: మురుగు పల్లమునకు పాఱును, కాలిసిరలోని రక్తము మెరకకు పాఱవలెను.

ఇందులకు రెండు సాధనములు గలవు. మొదటిది పిక్కకండ. అడుగు వేసినప్పుడెల్ల అది బిగిసి సిరను పిండి రక్తమును పైకి త్రోయును. రెండవది సిరలలోని కవాటములు. సముద్రపు పోటువేళ ఉప్పునీరు మురుగుకాలువలోని కెగదట్టకుండ తూముతలుపు మూసికొనునట్లు, ఇవి పైకెక్కిన రక్తమును క్రిందికి జాఱనీయవు. ఇటలీదేశమందలి పాదువా నగర వైద్యాచార్యుడు ఫాబ్రిసియస్ 1603లో ఈ కవాటములను గూర్చి గ్రంథము ప్రకటించెను. అచ్చట చదివిన విలియం హార్వే 1628లో రక్తప్రసరణమును నిరూపించుచు, అవి రక్తమును గుండెవైపునకే పోనిచ్చునని చూపెను. కదలక నిలుచున్న మనుష్యుని చీలమండకడ సిరలోని ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసముండును. నడచునపుడు అది 30కి దిగువకు తగ్గును. నడకవలని మేలు ఇంతటిది.

వయసు పైబడినకొలది సిరగోడలయందలి సాగుగుణము సన్నగిల్లును. గోడ వెడలుపైనపుడు కవాటపు రెక్కలు ఒకదానికొకటి అందవు. తలుపు సరిగా పడని తూమునుండి నీరు వెనుకకు కాఱునట్లు రక్తము క్రిందికి జాఱి నిలువయగును. పిక్కకండ క్షీణించుటచే త్రోయు బలమును తగ్గును. పైగా ముదిమిలో చర్మమును, దానిక్రింది క్రొవ్వును పలుచబడుటచే, లోపలనుండు సన్నసిరలు పైకి కనబడును. మిల్లీమీటరుకంటె సన్ననివి సాలెగూటి నరములు. మూడు మిల్లీమీటర్లు, ఆపైని లావుండి మెలికలు తిరిగినవి ఉబ్బునరములు. వీనినే వైద్యులు వేరికోస్ వెయిన్సందురు.

ఇది స్త్రీలకే వచ్చునను నమ్మిక సరికాదు. స్కాట్లండునందలి ఎడింబరో నగరమున 18 మొదలు 64 ఏండ్లలోపువారిని 1,566 మందిని పరీక్షించి 1999లో ఫలితములు ప్రకటించిరి. నూటికి ఎనుబదిమందికి పైగా సన్ననరములు కానవచ్చెను. ఉబ్బునరములు స్త్రీలకంటె పురుషులకే హెచ్చుగానుండెను. వయసుతోపాటు అవియు పెరిగెను. తల్లిదండ్రులకున్నచో బిడ్డలకు వచ్చుట, పలుకాన్పులు, స్థూలకాయము, గంటలతరబడి నిలుచుండు పని – ఇవియు కారణములు.

మన సేద్యమున ఈ కడపటి కారణము బలమైనది. ఆకుతీతయందును, నాట్లయందును స్త్రీలు బురదలో పాదము దిగబడి, నడుము వంచి ప్రొద్దుగూకువఱకు పనిచేయుదురు. అచ్చట అడుగులు పొట్టివి. పిక్కకండకు నిండైన పనియుండదు. కావున ముఠా పెట్టించు రైతులు జాముకొకసారి వారిని గట్టెక్కి నాలుగడుగులు నడువనీయవలెను. మధ్యాహ్నపు విరామమున మడచిన గోనెసంచులపై కాళ్లెత్తి పరుండనిచ్చుటకు ఖర్చేమియు లేదు.

సన్ననరములు కంటికి వికారమేగాని సాధారణముగా ప్రాణహాని చేయవు. భయపడవలసిన గుఱుతులు వేఱు. సాయంకాలమునకు కాలు వాచుట, చీలమండ లోపలివైపు చర్మము నల్లబడి దురదపెట్టుట, అచ్చట గీచుకొన్న చిన్నగాయము వారములు గడిచినను మానకుండుట – ఇవి వరుసగా వచ్చు మెట్లు. ఆ పుండుపై సున్నము, ఆకుపసరులు పట్టించి నెలలు గడపుట కాలిని పాడుచేసికొనుటయే. ఒక్కకాలు హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిపుట్టినచో లోపలి సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. బోదకాలు వేఱు, అది దోమకాటువలన వచ్చు క్రిములు శోషనాళములను చెఱచుటచే కలుగును. వాపును చూచి ఏదియో మనమే నిర్ణయించుకొనరాదు.

పుండు మానుటకు ముఖ్యసాధనము పాదమునుండి మోకాలివఱకు చుట్టు సాగుడుపట్టీ. అయితే మధుమేహమున్నవారు, చుట్ట త్రాగువారు, పాదములు చల్లబడువారు వైద్యుడు పాదపు నాడి చూడనిదే దీనిని కట్టుకొనరాదు. ధమని పూడియున్న కాలికి గట్టిపట్టీ హానిచేయును. చెడిన సిరను లేసరు వేడిమిచే మూయుటయు, సన్నవానికి సూదిమందు వేయుటయు నేడు గలవు. ఇంగ్లండున 450 మంది పుండురోగులపై పరీక్షజరిపి 2018లో ప్రకటించిన దేమన, పట్టీతోపాటు సిరను వెంటనే మూసినవారికి మధ్యస్థముగా 56 దినములలోను, ఆలస్యము చేసినవారికి 82 దినములలోను పుండు మానెను. కూలిజనమునకు 26 దినములనగా ఒక నాట్లకాలపు సంపాదన.

ఉబ్బునరము చిట్లి రక్తము చిమ్మినచో కంగారుపడి పైభాగమున త్రాడు బిగింపరాదు. అట్లుచేసిన సిరరక్తము మఱింత కాఱును. రోగిని పరుండబెట్టి, కాలెత్తి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషములు విడువక అదిమిపట్టినచో నిలిచిపోవును. పిమ్మట వైద్యునికి చూపవలెను.

ముదిమిని మనము ఆపజాలము. నిలువరక్తమును మాత్రము తగ్గింపగలము. నాట్లకు దిగుటకు ముందే ప్రతిసభ్యుడును తన యింటి పెద్దల పాదములను, తన చేనికి వచ్చు కూలిస్త్రీల యిబ్బందిని పగటి వెలుతురున విచారింపవలెను. నల్లబడిన చీలమండయో, మానని గాయమో యున్నచో పంట యింటికి వచ్చినపిమ్మట చూతమనక, ఆ వారముననే వైద్యునికడకు తీసికొనిపోవలెనని మా మనవి.