లారీచక్రపు మొండి నట్టు - తగిన పనిముట్టు

లారీచక్రపు నట్టును విప్పు పానాను గూర్చి ఒక గృహిణి వ్రాయుటయేమి, దానిని మనము చదువుటయేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో లారీపై బ్రదుకు కుటుంబములు లేని యూరు అరుదు. గోదావరిఖని బొగ్గును, కరీంనగరపు గ్రానైటు దిమ్మెలను, ఆదిలాబాదు ప్రత్తిబేళ్లను మోయు ప్రతి లారీ వెనుకను ఒక యింటి పొయ్యి కలదు. ఆ పొయ్యి వెలుగుట యొక్కొక్కప్పుడు ఒక్క నట్టుపై నాధారపడి యుండును.

మా తమ్ముడు లారీ తోలును. గడచిన వర్షకాలమున నొకరాత్రి నిర్మలకును ఆదిలాబాదునకును నడుమ, 44వ జాతీయ రహదారిపై, వెనుకచక్రము పంక్చరయ్యెను. పది నట్లలో తొమ్మిది వదలెను, పదియవది కదలలేదు. అతడు పానాకు ఇనుపగొట్టము తొడిగి, దానిపై కెక్కి ఎగిరెను. పానా జారెను. గొట్టము దవడకు తగిలి రెండు పండ్లు రాలెను. క్రిందపడగా ఎడమ మణికట్టు విరిగెను. మూడు నెలలు అతడు ఇంట కూర్చుండెను. లారీ కిస్తీ మాత్రము ఇంట కూర్చుండలేదు. నెలనెలయు వచ్చుచునే యుండెను.

అప్పుడు మా మరదలు పాలమ్మి కూడబెట్టిన సొమ్మును కొంగున ముడివైచుకొని వచ్చి, "వదినె! ఈ మారు పానా నేను కొనెదను. ఏది కొనవలెనో అన్నగారి నడిగి చెప్పుడు" అనెను. ఆమె కొరకు నేను తెలిసికొన్నదే మీకు విన్నవించుచున్నాను.

మా వారు బడిపంతులు. పుస్తకము తీయక, మూలనున్న తిరగలిని చూపిరి. "పిడి అంచున నున్నది గనుక నీవు సులువుగా విసరుచున్నావు. అదే పిడి నడిమి సీలచెంత నున్నచో కదపగలవా?" అనిరి. పానా మర్మమంతయు నిదియే. మోపిన బలమును, అది కేంద్రమునకు ఎంత దూరమున పడుచున్నదో ఆ దూరముతో గుణించిన త్రిప్పుబలము వచ్చును. అరమీటరు పానా కొనపై 60 కిలోల బలము మోపినచో 30 కిలోగ్రాము-మీటర్లు. ఒకటిన్నర మీటరు కడ్డీ కొనపై అదే బలము 90. ఇరువదిరెండు మిల్లీమీటర్ల స్టడ్లు గల భారీచక్రముల నట్లను బిగించుటకే సాధారణముగా 60 నుండి 70 కిలోగ్రాము-మీటర్లు కావలెను. త్రుప్పు పట్టినదానిని విప్పుట కంతకు మించి కావలసి యుండును. కావున పొట్టి పానాతో పెనగులాడువాని యోటమి కండలేమివలన గాదు, లెక్క తప్పుటవలన.

నట్టు మొండిదగుటకు వాన, బురద, రాతిధూళి మాత్రమే కారణములు గావు. గాలితుపాకితో మితిమీరి బిగించుటయు ఒక కారణమే. అట్లు బిగించిన స్టడ్డు సాగి, మరలు చెడును. కనుక బలమునకు ముందు ఉపాయము. తీగెబ్రష్షుతో మరలపై మురికిని తొలగించి, త్రుప్పు వదలించు నూనెను వేసి, కొంతసేపు ఓర్పుతో ఆగవలెను. కొన్ని పాతబండ్ల ఎడమవైపు చక్రములకు మర విపరీతముగా నుండును. అట్టివాని స్టడ్డు కొనపై తరచు ఎల్ అను ఆంగ్లాక్షరము కనబడును. అది చూడక వలసినవైపునకు మారుగా త్రిప్పినచో వదలుటకు బదులు మరింత బిగియును. గాలి నిండిన టైరు గల చక్రమును గ్యాసుమంటతో ఎన్నడును కాల్చరాదు. లోపలి వేడికి టైరు ప్రేలి ప్రాణములు తీయును.

ఇక పనిముట్టు. మొదట చూడవలసినది నట్టును పట్టు గిన్నె, అనగా సాకెట్టు. దానికి లోపల ఆరు మూలలుండుట మేలు. పండ్రెండు మూలలది మొండి నట్టు అంచులను అరుగదీయును. భారీబండ్ల నట్లు తరచు 32 లేక 33 మిల్లీమీటర్ల వెడల్పుండును. ఒక్క మిల్లీమీటరే గదా యని వదులుదానిని తొడిగిన నట్టు గుండ్రనై, ఇక ఏ పానాకును చిక్కదు. కావున బండి నట్టును కొలిచి కొనవలయును. గాలితుపాకికి దళసరి నల్ల సాకెట్టునే వాడవలెను; తళతళలాడు పూతసాకెట్టు దెబ్బలకు పగులవచ్చును. పొరుగు నిజామాబాదు జిల్లా కోనసముద్రము పూర్వము ఉక్కునకు పేరెన్నికగన్నది. ఇనుములో తళుకు వేరు, గుణము వేరని మనవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

త్రిప్పుటకు మూడు మార్గములు గలవు. మొదటిది సాకెట్టునకు పొడవైన గట్టి కడ్డీ. వెల స్వల్పము, చెడుట కేమియు లేదు; కాని చోటు కావలెను, జారినచో గాయము తప్పదు. రెండవది పండ్లచక్రముల పానా. చిన్న పిడిని చేతితో త్రిప్పుచుండగా లోపలి పండ్లచక్రములు బలమును పలురెట్లు పెంచును. కొన్నిటిపై 1:58 అని యుండును. పిడి ఏబదియెనిమిది చుట్లు తిరిగిన నట్టు ఒక్క చుట్టు తిరుగునన్నమాట. రాపిడివలన బలము అన్ని రెట్లు పూర్తిగా రాదు గాని, ఒంటరివానికి చాలును. దాని కాలు ప్రక్కనట్టుపై ఆనియుండును. అచట వ్రేళ్లుంచిన నలిగిపోవును. మూడవది తుపాకి. గాలిదానికి కంప్రెసరు కావలెను గనుక అది టైరు దుకాణమునకు తగును. బ్యాటరీది బండిలో నుంచుకొనవచ్చును గాని, ఇంతటి నట్లకు చాలునది వెల యెక్కువ; ఛార్జి లేనినాడు వట్టి బరువు.

ఒక్కడే రాత్రివేళ దారిలో విప్పువానికి రెండవదే తగినదని తోచినది. దాని వెల క్రొత్త లారీటైరు వెలకన్న తక్కువ. ఏది కొన్నను క్రమము తప్పరాదు. బండిని సమప్రదేశమున నిలిపి, ఇతర చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టి, చక్రము నేలనానియుండగానే నట్లను వదులు చేసి, పిమ్మట జాకీ ఎత్తవలెను. కడ్డీపై నెక్కి ఎగురరాదు. కాళ్లు నిలదొక్కుకొని తనవైపునకు లాగవలెను.

విప్పుట సగము పనియే. తిరిగి బిగించునప్పుడు ఒకదాని తరువాత దాని ఎదుటిదానిని బిగించుచు, తుదకు కొలతపానాతో తయారీదారు చెప్పిన మేరకు సరిచూడవలెను. నూరు కిలోమీటర్లలోపల మరల నొకసారి చూడవలెను. వదులైన చక్రము ఊడి దారినపోవువారిపై పడిన, అది మన యింటి దుఃఖముతో ఆగదు.

మా మరదలు పండ్లచక్రముల పానాను, ఆరుమూలల సాకెట్టును, ఒక కొలతపానాను కొనెను. మా తమ్ముడు చూచి, "దీనిని త్రిప్పుచు కూర్చున్న తెల్లవారును" అని నవ్వెను. మొన్న జగిత్యాల దారినుండి ఫోను చేసి, "అక్కా! నట్టు వదలినది. ఆలస్యమైనది గాని, చేతులు రెండును బాగుగనే యున్నవి" అనెను. ప్రక్కనున్న మా మరదలు ఏమియు ననక, పొయ్యిపై ఎసరు పెట్టెను.