కుటుంబ నియంత్రణమున పురుషుని పాలు



తర్లుపాడులో మా అరుగుమీద కూర్చుండి యొక పెద్దరైతు నన్నడిగెను: "అయ్యవారూ, మా కోడలికి మాత్రలు పడలేదు, లూపూ సరిపడలేదు. ఇద్దరు పిల్లలు చాలనుకున్నారు. ఇంక ఆపరేషనేగదా?"

"ఎవరికి?" అంటిని. ఆయన తెల్లబోయెను.

2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున వివాహితస్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. పురుషుల పాలు నూటికి ఒకటియైన లేదు. స్త్రీకైనచో ఉదరములోనికి పోయి చేయవలెను. పురుషునకు చర్మమున చిన్నరంధ్రము చాలును. కత్తి లేని యీ పద్ధతిని 1974లో చీనావైద్యుడు లీ షున్‌చియాంగ్ కనిపెట్టెను. తిమ్మిరిమందిచ్చి బీజనాళములను మాత్రమే బంధింతురు; వృషణముల జోలికి పోరు. కావున బలము తగ్గునను మాట వట్టిది. 1975–77 నాటి నిర్బంధపు ఆపరేషన్లవలన గలిగిన భయము వేరు. అది న్యాయమైన భయమే.

ఒక్క జాగ్రత్త. అటుపిమ్మట మూడు మాసములు నిరోధ్ వాడవలెను. వీర్యపరీక్షలో బీజములు లేవని తేలినగాని నమ్మరాదు. ఇది తెలియక ఇల్లాండ్రపై నిందలు మోపిన యిండ్లను నేనెరుగుదును.

మరల బిడ్డలు కావలెననువారికిది తగదు. వారికి నిరోధ్ కలదు. వైద్యుల నడిగి, మూడు నెలలకొకమారు ప్రభుత్వాసుపత్రిలో నిచ్చు 'అంతర' సూదియు వేయించుకొనవచ్చును.

అంతయు విని రైతు లేచి, "ఈ మాట మావాడితో మీరే చెప్పండి, నాకు నోరు రాదు" అనెను.