పొలములో దొరకినది శిలాజమా, వట్టి రాయియా?

నల్లరేగడి చేలలో లోతుగా దున్నునప్పుడును, బావులు త్రవ్వునప్పుడును ఎముకవలెనో, తాబేలువలెనో ఉండు రాళ్ళు బయటపడుచుండును. వీనిలో చాలభాగము శిలాజములు కావు. అయినను నిజమైన దానిని గునపముతో పెకలించి గట్టుమీద పారవేసినచో, పోయిన ఆధారము తిరిగి రాదు.

చచ్చిన జంతువు కండ్లు, కండ, చర్మము త్వరలోనే కుళ్ళిపోవును. రాయిగా మారి మిగులునవి సాధారణముగా ఎముకలు, పళ్ళు, గుల్లలు మాత్రమే. అవియైనను చెదరి, విరిగి ఉండును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద దొరకిన రాక్షసిబల్లికి 1988లో కోటాసారస్ అని పేరిడిరి. దాని అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో చూడవచ్చును. పన్నెండు జంతువులకు తక్కువగాని ఎముకలు దొరకినను, పుర్రె మాత్రము దొరకలేదు. కనుక కండ్లు, మూతి, తోక అన్నియు కుదిరిన రాతి జంతువు కనపడినచో, దానినే ఎక్కువగా అనుమానింపవలెను.

రేగడిలో మనలను మోసగించునవి సున్నపు గడ్డలు. వాననీటిలో కరిగిన సున్నము క్రిందికి దిగి, నీరు ఆరినపుడు వేళ్ళచుట్టును, మట్టి బీటలలోను పేరుకొనును. అందుచే అవి కణుపులు గల ఎముకలవలె ఉండును. విరిగిన కొన చూడుడు. ఎముకకు పైన గట్టి పొర, లోపల తేనెపట్టువంటి సన్నని గదులు ఉండును. సున్నపు గడ్డలో అట్టి అమరిక లేక, మట్టి రేణువులు కలిసియుండును. నాలుకకు అంటుకొన్నచో ఎముకయే యని కొందరందురు. పురుగుమందులు చల్లిన చేనిలో ఈ పరీక్ష వద్దు. ఈ గడ్డలు విస్తారముగా నున్నచోట పైరుకు జింకు, ఇనుము సరిగా అందవు గనుక, మట్టి పరీక్ష చేయించుట లాభము.

తాబేలు డిప్పవలె గళ్ళుండు గుండ్లు చాలవరకు గట్టిపడిన మట్టిముద్దలే. వాని బీటలలో ఖనిజము నిండి గీతలైనది. నాపరాళ్ళపై నల్లని నాచువలె కనపడునది మాంగనీసు మరక.

గుల్లల సంగతి వేరు. రాజమండ్రి దగ్గర కాతేరులో నల్లరాతి పొరల నడుమ సున్నపురాతిలో అవి నిజముగనే కలవు. ఒకే ఆకారము, ఒకే తీరు గీతలు అనేక గుల్లలలో మరల మరల కనపడును. వట్టి రాళ్ళలో ఏ రెండును ఇట్లు పోలియుండవు.

అనుమానము కలిగినచో రాయిని కదపక, విరువక, ప్రక్కన నాణెము నుంచి ఫొటో తీయుడు. ఎంత లోతున, ఏ పొరలో ఉన్నదో వ్రాసికొని, హైదరాబాదు బండ్లగూడలోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కార్యాలయమునకు తెలుపుడు. ఆ లోపున గోతిలో నీరు నిలువకుండ చూడవలెను.