బొచ్చు చూసి బొమ్మనుకోవద్దు!

కాలింగ్‌బెల్ ఇంకా మోగనే లేదు, అప్పుడే అరుపులు మొదలు. కొరియర్ అబ్బాయి లిఫ్టు దిగేసరికి అది తలుపు దగ్గర సిద్ధం. వచ్చినవాళ్లు తెలిసినవాళ్లయితే కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతుంది, కాకపోతే ఇల్లు ఎగిరిపోయేలా మొరుగుతుంది. తెల్లటి బొచ్చు, మిరియాల్లా మెరిసే కళ్లు, వీపు మీదకి వాలిన కుచ్చుతోక. తెలుగిళ్లలో స్నోయీ, పింకీ, లక్కీ, బన్నీ పేర్లతో తిరిగే ఈ కుక్కను అందరూ పమేరియన్ అనే అంటారు. నిజానికి వాటిలో చాలావరకూ ఇండియన్ స్పిట్జ్‌లు.

రెండూ దగ్గరి చుట్టాలే. బ్రిటిష్‌వాళ్లు మన దేశానికి తెచ్చిన జర్మన్ స్పిట్జ్ సంతతి ఇక్కడి ఎండలకు అలవాటుపడి ఇండియన్ స్పిట్జ్ అయింది. ఇది మామూలుగా ఐదు కిలోలకు పైనే తూగుతుంది. అసలు పమేరియన్ మూడు కిలోలు దాటితే గొప్ప.

రాణిగారి ఒడిలోంచి సినిమా తెర మీదకి

పోలండ్, జర్మనీల మధ్య బాల్టిక్ తీరంలో ఉన్న పొమెరేనియా ప్రాంతం పేరే పమేరియన్‌కు వచ్చింది. ఒకప్పుడు ఇవి ఇంత చిన్నవి కావు. 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లిన విక్టోరియా రాణి, మార్కో అనే కుక్కను ముచ్చటపడి తెచ్చుకుంది. దాని బరువు ఐదున్నర కిలోలే. రాణిగారు చిన్నదాన్ని పెంచేసరికి జనం కూడా చిన్నవాటి కోసమే ఎగబడ్డారు. 1901లో ఆమె కన్నుమూసేటప్పుడు మంచం మీద ఉన్నదీ టూరీ అనే పమేరియనే. 1912లో టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ మూడు కుక్కల్లో రెండు ఈ జాతివే. చంకలో పట్టే ఒళ్లే వాటి ప్రాణం కాపాడింది.

మన దగ్గర ఆ మోజు పెంచింది సినిమా. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’లో టఫీగా నటించింది ఇండియన్ స్పిట్జే. ఆ సినిమా తర్వాత తెల్లకుక్క కావాలని మారాం చేయని పిల్లల్లేరు.

ఒళ్లు చిన్నది, డ్యూటీ పెద్దది

ఒడిలో ఇమిడినంత మాత్రాన ఇది ఒడిలోనే కూర్చోదు. స్పిట్జ్ కుక్కల్ని తరతరాలుగా ఇంటి కాపలాకు పెంచారు. అలికిడి అయితే చెప్పడం దాని దృష్టిలో డ్యూటీ. కసిరితే యజమాని కూడా తనతో కలిసి అరుస్తున్నాడనుకుంటుంది. రెండు అరుపులయ్యాక ‘చాలు’ అనాలి, నోరు మూసిన క్షణంలో చిన్న తాయిలం పెట్టాలి. తెలివైన జాతి కాబట్టి తొందరగానే పట్టేస్తుంది. ఉదయం, సాయంత్రం కాసేపు నడక, ఇంట్లో బంతాట ఉండాల్సిందే. పని దొరక్కపోతే చెప్పులు, సోఫా అంచులు కొరకడమే పనిగా పెట్టుకుంటుంది.

ఎండాకాలం గుండు కొట్టిస్తే?

ఏప్రిల్ రాగానే చాలామంది చేసే పని ఇదే. ‘పాపం, అంత బొచ్చుతో ఎలా ఉంటుంది’ అని మిషన్ పెట్టించేస్తారు. ఈ కుక్కకు బొచ్చు రెండు పొరలు. లోపలిది దూదిలా ఒత్తుగా, పైది పొడుగ్గా, బిరుసుగా ఉంటుంది. ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా ఆపేది పైపొరే. మొదలంటా కత్తిరిస్తే లోపలి బొచ్చు ముందు పెరుగుతుంది, పైది నెలల తరబడి రాదు. కొన్నిటికి అసలు రాదు. ఇంటర్నెట్‌లో లక్షలమంది అభిమానుల్ని సంపాదించుకున్న ‘బూ’ అనే పమేరియన్‌ను చూసి టెడ్డీబేర్ కటింగ్ మోజు పెరిగింది కానీ, అది అన్ని కుక్కలకూ పడదు.

చల్లదనానికి కావాల్సింది కత్తెర కాదు, దువ్వెన. పైపైన దువ్వితే లాభం లేదు. కాసిని నీళ్లు చిలకరించి, ఒక చేత్తో చర్మం కనిపించేలా బొచ్చు విడదీసి, పాయలుపాయలుగా మొదలు నుంచి చివరికంటా దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల సందున బొచ్చు ఉండలు కడుతుంది. గోమార్లు దాక్కునేదీ అక్కడే. వాటితో వచ్చే ఎర్లిషియా జ్వరం ప్రాణాల మీదకి తెస్తుంది. వారానికి రెండుమూడుసార్లు ఇలా దువ్వితే రాలిన బొచ్చు వదిలి ఒంటికి గాలి ఆడుతుంది.

కుక్కలు ఒళ్లు చల్లబరుచుకునేది ముఖ్యంగా రొప్పుతూనే. విజయవాడ, విశాఖల ఉక్కపోతలో అదీ సరిగా పనిచేయదు. అందుకే ఎండాకాలంలో పొద్దుటి నడక సూర్యోదయానికి ముందే అయిపోవాలి. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బే. వెంటనే ఒంటి మీద చల్లటి నీళ్లు పోసి, ఫ్యాను కిందుంచి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

గొంతు, మోకాలు, పళ్లు

వీటి శ్వాసనాళం సున్నితం. మెడపట్టీకి గొలుసు కట్టి లాగితే అది నొక్కుకుని, బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మేలు. మోకాలిచిప్ప జారడం మరో ఇబ్బంది. మంచం మీంచి దూకే అలవాటు, పెరిగే బరువు దాన్ని ముదరబెడతాయి. చిన్న దవడలో 42 పళ్లు ఇరుక్కుని ఉంటాయి కాబట్టి బ్రషింగ్ తప్పదు.

రోజూ పెరుగన్నమే పెట్టడం మన ఇళ్లలో మామూలే. దాంతో కడుపు నిండుతుంది కానీ మాంసకృత్తులు చాలవు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు తోడవ్వాలి. వండిన ఎముకలు మాత్రం వేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దానికి విషమే. రేబిస్ టీకా మరవకూడదు. 1885లో లూయీ పాశ్చర్ తొలి టీకా వేసిన జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని పెంచొద్దని తీర్మానం చేసే అధికారం సంఘానికి లేదని, లిఫ్టు వాడుకోనివ్వాల్సిందేనని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. బయట అది పాడుచేసిన చోటును శుభ్రం చేయాల్సింది మాత్రం పెంచేవాళ్లే.

కొనేముందు...

ఈ కుక్కలు 12 నుంచి 16 ఏళ్లు బతుకుతాయి. ఆరో తరగతి పిల్లాడి ముచ్చట కోసం తెస్తే, వాడు ఇంజినీరింగ్‌కని హాస్టల్‌కు వెళ్లాక దువ్వేదీ తిప్పేదీ అమ్మానాన్నలే. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ‘టీకప్ పామ్’ అంటూ రేటు పెంచేస్తుంటారు కానీ, అలాంటి రకానికి కెన్నెల్ క్లబ్బుల గుర్తింపు లేదు. మరీ చిన్నగా పుట్టించిన పిల్లలకు రక్తంలో చక్కెర పడిపోయే ముప్పు ఎక్కువ. కొనేవాళ్లు ముందుగా తల్లిని చూపించమని అడగాలి. అమ్మేవాళ్లు దానికి వంకలు చెబితే, పిల్ల ఎంత ముద్దొచ్చినా అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయడమే మంచిది.