నూనెపొరపై తిరుగు ఇరుసు

వెనుకటి దినములలో కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల రైతు ఎడ్లబండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన వేయుట మరచెడివాడు కాడు. ఆముదమును, గడ్డిమసిని కలిపిన ఆ నల్లని ముద్ద లేనిచో చక్రము కిర్రుమని మొరపెట్టును, ఇరుసు అరుగును, ఎడ్లకు శ్రమ హెచ్చును. రెండు వస్తువులు ఒకదానితో నొకటి రాచుకొనునపుడు కలుగు నిరోధమే ఘర్షణము. దానిని తగ్గించుటయే కందెన చేయు పని.

ఆ పల్లెల నడుమ ప్రవహించు గోదావరికి చేరువలో, నేటి పెద్దపల్లి జిల్లాయందు, రామగుండము కలదు. అచ్చటి జాతీయ థర్మల్ విద్యుత్కేంద్రమునకు 1978లో శంకుస్థాపన జరిగెను; 1983లో మొదటి యంత్రము విద్యుత్తు నిచ్చెను. సింగరేణి బొగ్గుమంట నీటిని ఆవిరిగా మార్చును. ఆ ఆవిరి టర్బైనును త్రిప్పును. అనేక టన్నుల బరువు గల దాని ఉక్కు ఇరుసు నిమిషమునకు 3000 మారులు, అనగా సెకనుకు 50 మారులు తిరుగును. ఇంతటి భారము ఇంతటి వేగముతో దేనిపై తిరుగుచున్నది?

ఇరుసును మోయు ఆధారములకు బేరింగులని పేరు. వాని లోపల తగరము ముఖ్యముగా గల మెత్తని తెల్లలోహపు పూత యుండును. అయినను వేగముగా తిరుగునపుడు ఇరుసు ఆ పూతను తాకనే తాకదు. నడుమ నున్న పలుచని నూనెపొరయే దానిని మోయును!

ఈ వింత 1883లో ఇంగ్లండునందు బయటపడెను. బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచుండెను. ఇరుసు అడుగుభాగము నూనెలో మునిగియుండెను. పైనుండి నూనె పోయుటకై బేరింగునకు రంధ్రము చేయగా, ఇరుసు తిరిగినంతనే నూనె అందుండి పైకి ఉబికెను. కొయ్యబిరడా బిగించినను దానిని నెట్టివేసెను. కారణమును 1886లో ఆస్బర్న్ రేనాల్డ్సు గణితముతో వివరించెను. ఇరుసు బేరింగు రంధ్రముకంటె రవంత సన్నము. అది తిరుగుచు, తన నంటుకొన్న నూనెను క్రమముగా ఇరుకగు సందులోనికి లాగుకొనిపోవును. అచ్చట చిక్కిన నూనెకు ఒత్తిడి పెరిగి ఇరుసునే పైకెత్తును.

వేగము తగ్గినచో ఈ పొర పలుచబడును. అందుచే యంత్రమును కదలించునపుడును, మెల్లగా త్రిప్పునపుడును పంపుతో అధికమైన ఒత్తిడిగల నూనెను ఇరుసు క్రిందికి పంపుదురు. నూనె వేడిని కూడ మోసికొనిపోవును. కావున దానిని చల్లార్చి, వడగట్టి మరల వాడుదురు. అందు ఇసుక రేణువు చేరినను, నీరు కలిసినను ప్రమాదమే.

అకస్మాత్తుగా కేంద్రమునందలి విద్యుత్తంతయు ఆగినచో పంపులును ఆగును. ఇరుసు మాత్రము వెంటనే ఆగదు. ఆ సమయమున నూనె అందనిచో తెల్లలోహము కరగి, ఇరుసు చెడును. అందులకే బ్యాటరీలతో నడచు వేరొక పంపు సదా సిద్ధముగా నుండును. దానిని తరచుగా పరీక్షించుట పనివారి విధి.

బండి ఇరుసైనను, టర్బైను ఇరుసైనను నీతి యొక్కటియే: కదలుటకు ముందే కందెనను తలచవలెను.