మోకాళ్లు పట్టేశాయని మూలన కూర్చోవద్దు

తెగుళ్లు, ఎరువుల సంగతి రాసే పేజీలో మోకాళ్ల నొప్పుల మాట ఏమిటని అనుకోవద్దు. రెండెకరాల రైతుకు ప్రతి పనికీ కూలీలను పెట్టే స్తోమతు ఉండదు. ఇంటాయన, ఇంటావిడ మోకాళ్లు మొరాయించాయంటే ఆ పొలం కౌలుకు ఇచ్చుకోవాల్సిందే.

ప్రొద్దుటూరు దగ్గర కె.సి. కాలువ కింద వరినాట్లు, జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో శనగ పీకుడు, పులివెందుల వైపు బుడ్డల ఒలుపు, చీనీ పాదుల తవ్వకం. ఏది చూసినా వంగడమో, గొంతుక్కూర్చోవడమో తప్పదు. కలుపు పని ఎక్కువగా ఆడవాళ్లదే కాబట్టి వారికే ఈ బాధ ఎక్కువ.

మోకాలి కీలులో ఎముకల చివర నున్నటి పొర ఒకటి ఉంటుంది. వయసు, ఒంటి బరువు, పాత దెబ్బలు, ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని చేసిన పనుల వల్ల అది పలచబడుతుంది. ఊళ్లో 'గుజ్జు అరిగింది' అనేది దీన్నే. పొద్దున లేవగానే కాలు బిగుసుకుంటుంది, కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. మెట్లు ఎక్కి దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు నొప్పి తెలుస్తుంది.

''నడిస్తే ఇంకా అరిగిపోతుందంట కదన్నా'' అని చాలామంది అడుగుతారు. బండి ఇరుసులాగా మోకాలు కూడా తిరిగేకొద్దీ అరుగుతుందని మనవాళ్ల భయం. అది సరికాదు. కీలులోని పొరకు రక్తనాళాలు ఉండవు. కీలు కదిలితేనే దానికి పోషణ అందుతుంది. పైగా మోకాలి మీద పడే బరువులో కొంత తొడ ముందరి కండ మోస్తుంది. మంచం పట్టి కూర్చుంటే ముందు చిక్కిపోయేది ఆ కండే. అప్పుడు నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి పెట్టే తీరు మార్చుకోవాలి గానీ నడక మానరాదు.

తొడ కండకు బలమిచ్చే పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంటి ముందర కడప బండ అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చోండి. ఒక కాలు నేరుగా ముందుకు చాచి, అయిదు అంకెలు లెక్కబెట్టి మెల్లగా దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పూటకొక తడవ చేయండి. కొన్నాళ్లకు అరుగు మీద నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వారం చేసి లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ.

పొలంలో బుడ్డలు ఒలిచేటప్పుడు, పాలు పితికేటప్పుడు నేల మీద కాకుండా ఎత్తు పీట మీద కూర్చోండి. పొడవు పిడి ఉన్న కలుపు పరికరాలతో నిలబడి తీయొచ్చు. వీటి సంగతి కడప దగ్గర ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఒకే భంగిమలో అరగంటకు మించి ఉండొద్దు, లేచి నాలుగడుగులు వేయండి. ఎరువు మూట ఒక్కరే ఎత్తుకోకండి. కర్ర పట్టేవారు నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మరుగుదొడ్డి కోసం మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ కొనడానికి సిగ్గుపడొద్దు. లావుగా ఉన్నవారు ఒక్క కిలో తగ్గినా, అడుగడుగుకు మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఇక మాత్రలు. అంగడిలో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి ఇంకా ప్రమాదం. పేరు లేని పొడులు, మూలికల పేరుతో అమ్మే బిళ్లల్లో స్టిరాయిడ్లు కలిపి ఉండొచ్చు. వేసుకున్న రోజే నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. పైపూత మందు, వేడి కాపడం ముందు ప్రయత్నించండి, బిళ్ల కావాలంటే డాక్టరును అడిగి వాడండి.

మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, కీలు ఇరుక్కుపోయినా, పడిన తర్వాత కాలు మోపలేకపోయినా ఆలస్యం చేయకుండా ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో వెళ్లండి.

ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన కీలు మార్చాలని కాదు. వ్యాయామం, మందులు అన్నీ చేశాక కూడా రాత్రుళ్లు నిద్ర పట్టక, ఇంట్లో నడవలేని స్థితి వస్తే ఆ ఆలోచన చేయాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ముందే అడగండి. కీలు మార్చాక మళ్లీ గొంతుక్కూర్చుని కలుపు తీయడం సాధారణంగా కుదరదు. ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడుకొని, ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో చూసుకోండి.